హస్తవాసి

జూన్ 3, మంగళవారం

ఆఫీసు లాగ్‌బుక్కులో తేదీకి, వేడికి, బరువుకి, సంతకానికి గడులున్నాయి. విసుగుకి గడి లేదు. అందుకే ఈ పుస్తకం కొనుక్కున్నాను.

ముప్ఫై ఒకటో ట్రయల్ ఫలితం వచ్చింది. సిలికా 0.09. కమిటీ అడిగింది 0.10 లోపు. అంటే గట్టెక్కినట్టే. నమ్మలేక రెండోసారి చేశాను, అదే వచ్చింది. ల్యాబులో ఎవరూ లేరు కదా అని చిన్న గెంతు గెంతాను. నలభై నాలుగేళ్ళ మోకాళ్ళు వెంటనే గొడవ పెట్టుకున్నాయి.

ఆరేళ్ళు. ఎవరికీ అక్కర్లేని నాసిరకం మట్టి, వందకి ఇరవై ఎనిమిది పాళ్ళే అల్యూమినా, మిగతాదాంట్లో సగానికి పైగా సిలికా, అంటే ఒట్టి ఇసుక. పెద్ద కంపెనీలన్నీ ముక్కు చిట్లించి వదిలేసిన గుట్ట. ఆ మట్టిని సున్నపురాయితో, సోడాతో కలిపి కాల్చి, వేడినీళ్ళలో కలిపి, వడగట్టి, ఆ ద్రావణంలోంచి స్వచ్ఛమైన తెల్ల పొడి రాబట్టడం నా పని. మొదటి పది ట్రయల్సులోనూ సిలికా అర శాతం దగ్గర మొండికేసుక్కూర్చుంది. పదకొండోదాని నుంచి, పొడి దిగే మూడో ట్యాంకు మా ఆయన చేతికి వచ్చింది. అప్పటినుంచి మెట్టు మెట్టు దిగింది. ఆయన చేసేది నేను కాగితం మీద రాసిచ్చిందే. అయినా ఎవరు చేసినా రానిది ఆయన చేస్తే వస్తుంది.

"మీవారి హస్తవాసి మంచిదమ్మా" అంటారు అందరూ. డాక్టర్లకి ఉంటుందని విన్నాను. ట్యాంకులకి కూడా ఉంటుందని ఇక్కడే చూశాను.

జూలై 18న కమిటీ వస్తుంది. నా సంతకంతో రిపోర్టు ఇవ్వాలి. వాళ్ళు ఊ అంటే ఆ గుట్ట పక్కనే పెద్ద ప్లాంటు కడతారు. నా పద్ధతితో. ఈ చివరి మూడు మాటలు రాయడానికే ఇంతసేపూ రాశానేమో.

జూన్ 5

అత్తయ్య ఇవాళ అడిగారు, పదహారేళ్ళ తర్వాత. "ఇంతకీ మీరిద్దరూ పొద్దున్నే పోయి చేసే పనేమిటే?"

చెప్పాను. మట్టిలోంచి అల్యూమినాని సోడానీళ్ళలోకి లాగుతామనీ, ఆ నీళ్ళు చల్లారబెట్టి, పాత బ్యాచ్‌లో దాచిన పొడి కొంచెం సీడుగా వేస్తామనీ, దాని చుట్టూ కొత్త పొడి పేరుకుంటుందనీ.

"పాలకి తోడు పెట్టినట్టు" అన్నారు.

"అంతే అత్తయ్యా. తోడు పెట్టేది మీ అబ్బాయే."

"వాడా! వాడికి పాలు కాచమంటే పొంగబెట్టి స్టవ్వు తుడిచేవాడు."

ఆయన పేపరు వెనకనుంచి నవ్వారు. మేం ముగ్గురం ఒకేసారి నవ్వి చాలా రోజులైంది.

జూన్ 9, సోమవారం

ముప్ఫై రెండో ట్రయల్. సిలికా 0.08.

నలభై కిలోల మట్టి వేశాం. అందులో ఉన్న అల్యూమినా మొత్తం పదకొండు కిలోల రెండు వందల గ్రాములు. నేనెంత గొప్పదాన్నైనా అంతకు మించి రాదు. సీడు బరువు తీసేసి, పొడిని కాల్చి తూస్తే పదకొండు కిలోల ఆరు వందలు.

అంటే ఉన్నదానికన్నా ఎక్కువ వచ్చింది. నూటికి నూట మూడు.

పొడి సరిగా కాలి ఉండదు. చెమ్మ ఉండిపోయి ఉంటుంది. లేదా కాటా.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ కాల్చాను. చెమ్మ లేదు. కాటా మెకానిక్కుని పిలిపించాను. "కాటాకేం కాలేదు మేడమ్, ముత్యంలా ఉంది" అని చాయ్ తాగి వెళ్ళాడు.

జూన్ 10

తప్పు మట్టిదే. మళ్ళీ పరీక్షించాను. అల్యూమినా ఇరవై ఎనిమిది కాదు, ఇరవై తొమ్మిదిన్నర. మూడుసార్లు చేస్తే ఒకసారి ఇరవై తొమ్మిదిన్నర వచ్చింది. అదే రాశాను. ఇప్పుడు లెక్క కుదిరింది. నూటికి తొంభై ఎనిమిది రాబట్టినట్టు! ఇంత నాసిరకం మట్టినుంచి ఎవరూ రాబట్టనంత.

ఈ ట్రయల్ రిపోర్టు మీద సంతకం పెట్టి పెద్దసారు టేబుల్ మీద పెట్టాను. పెద్దసారంటే మా డైరెక్టరు. మనిషి పొట్టి, కుర్చీ పెద్దది. సంఖ్య చూసి "అద్భుతం తల్లీ" అన్నారు.

జూన్ 13

మధ్యాహ్నం అందరూ క్యాంటీనుకి పోతారు. ఆయన మాత్రం కదలరు. "సీడు పడే టైములో ట్యాంకు వదిలి రాకూడదు" అంటారు. అందుకే బాక్సు నేనే పట్టుకెళ్తాను. ట్యాంకు గది బయట మెట్ల మీద కూర్చుని తింటారు. నేను లోపలికి వెళ్ళి ఒకసారి చూస్తానంటే "నీ చెప్పుల దుమ్ము పడుతుంది, అక్కడే ఉండు" అన్నారు. నా ఇసుక శత్రుత్వం ఆయనకీ అంటుకుంది. చూస్తే ముచ్చటేసింది.

ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. ఇంట్లో చెప్పను, నెత్తికెక్కుతుంది.

జూన్ 19, గురువారం

ఆయనకి జ్వరం. నూట రెండు. ముప్ఫై మూడో ట్రయల్ ద్రావణం సిద్ధంగా ఉంది.

"నేను వచ్చేదాకా ముట్టుకోకు" అన్నారు మంచం మీంచే.

"మూడు రోజులాగితే దానంతటది పేరుకుపోతుంది. పద్ధతి నాది, మర్చిపోయారా?"

"ముట్టుకోవద్దన్నానా!"

జ్వరంలో మనిషి చిరాకు పడతాడు. అత్తయ్యకి మాత్రలు ఇచ్చి, ఎప్పుడు వేయాలో చెప్పి, వెళ్ళి నేనే సీడు వేశాను. రెండు కిలోలు. లాగ్‌బుక్కులో ఆ గడిలో "సీడు - 2 కిలోలు" అని ముందే అచ్చు వేసి ఉంటుంది. టిక్కు పెడితే చాలు.

జూన్ 23, సోమవారం

దిగింది అయిదు కిలోలే. సిలికా 0.47.

0.47. అంటే మూడేళ్ళు వెనక్కి.

ఏం తప్పు చేశాను? వేడి సరిగ్గానే ఉంది. కలపడం సరిగ్గానే ఉంది. గంట గంటకీ రాసుకున్నాను. ఆయన ఎప్పుడూ ఇంత ఒద్దికగా రాయరు కూడా.

నా చెయ్యి అంతే. కొందరి చేతిలో మొక్కలు బతకవు.

ఆయనకి చెప్పాను. లేచి కూర్చున్నారు. కోప్పడతారనుకుంటే, "పోన్లే, ఆ బ్యాచ్ పారేసెయ్. అది లెక్కలో వేయకు" అన్నారు, తల నిమిరి. పారేయలేదు. సీసాలో పోసి పెట్టాను. ఎందుకో.

జూన్ 25

సీడు పాడైందేమో చూద్దామని పరీక్షించాను. సీడుని మేమెప్పుడూ పరీక్షించం. మన పాత బ్యాచ్‌లో తీసిందే కదా, మన పొడిని మనమే అనుమానించడమేమిటని మొదట్లో నేనే అన్నాను.

0.01.

మా ముప్ఫై రెండు బ్యాచ్‌లలో దేంట్లోనూ 0.08 కన్నా తక్కువ లేదు. వాటిలోంచి తీసిన సీడు 0.01 ఎలా అవుతుంది?

పొడి కరిగించే మూస సరిగా కడగలేదేమో. మార్చి చేశాను. 0.01. యాసిడ్ మార్చాను. 0.01. నాలుగోసారి కూడా 0.01.

జూన్ 26

ఇవాళ ఏమీ రాయను.

జూన్ 27, శుక్రవారం

మైక్రోస్కోపు కింద మూడు పెట్టాను. సీడు. నేను జ్వరం రోజున వేసిన బ్యాచ్. ఆయన చేసిన ముప్ఫై ఒకటోది.

సీడులో గింజలు గుండ్రంగా, పెద్దగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. అలాంటి గింజ పెరగాలంటే ఒక పెద్ద ఫ్యాక్టరీలో నెలల తరబడి ట్యాంకు తర్వాత ట్యాంకు తిరగాలి. మా మూడో ట్యాంకులో మూడు రోజుల్లో అలాంటిది పుట్టదు. నా బ్యాచ్‌లో, వేసిన సీడు గింజలు పోను, మిగతావి సన్నగా, గజిబిజిగా, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మా మట్టి ఇచ్చేది అదే.

ముప్ఫై ఒకటోదాంట్లో వంద గింజలు లెక్కపెట్టాను. గుండ్రటివి ఎనభై ఆరు.

మళ్ళీ వంద లెక్కపెట్టాను. ఎనభై తొమ్మిది.

ఆయన ఇవాళ పనిలోకి వచ్చారు. "కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటి?" అని అడిగారు. మైక్రోస్కోపు చూశానన్నాను. "ఎక్కువ చూడకు" అన్నారు.

జూన్ 30, సోమవారం

ముప్ఫై మూడో ట్రయల్ ఆయన మళ్ళీ చేస్తున్నారు. మధ్యాహ్నం బాక్సు తీసుకుని మెట్లవైపు వెళ్ళలేదు. సోడా బస్తాలు పేర్చిన వెనక తలుపునుంచి వెళ్ళాను.

ట్యాంకు అడుగు వాల్వు తెరిచి ఉంది. నా ద్రావణం కాలువలోకి పోతోంది. ఆరేళ్ళ పని, వేడివేడిగా, ఆవిరి కక్కుకుంటూ పోతోంది. ఆయన ఏ పేరూ లేని తెల్ల బస్తా భుజాన పెట్టుకుని ట్యాంకులో వంపుతున్నారు. నెమ్మదిగా, దుమ్ము లేవకుండా, ఎంతో శ్రద్ధగా. అలవాటైన చెయ్యి.

నన్ను చూడలేదు.

వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి మెట్ల దగ్గరికి వెళ్ళాను. పది నిమిషాలకి చేతులు తుడుచుకుంటూ వచ్చారు. బాక్సు విప్పాను. తిన్నారు. కూరలో ఉప్పు తక్కువైందన్నారు.

జూలై 1

అడిగేశాను. వంటింట్లో, కుక్కరు విజిల్స్ మధ్య. అత్తయ్య హాల్లో టీవీ చూస్తున్నారు.

"ఆ బస్తాల్లో ఏముంది?"

ఆయన బుకాయించలేదు. ఆ మాట రాసుకోవాలి. బుకాయించలేదు. కుక్కరు దించి, పక్కన పెట్టి, అప్పుడు చెప్పారు.

"బజార్లో దొరికేదే. మంచి రకం."

"ఎప్పటినుంచి?"

"పదకొండో ట్రయల్ నుంచి. గుర్తుందా, పదో ట్రయల్ పోయినప్పుడు నువ్వు బాత్రూంలో గడియ పెట్టుకుని ఏడ్చావు. రిజైన్ చేస్తానన్నావు. నాలుగు రోజులు ముద్ద దిగలేదు నీకు. నా వల్ల కాలేదు. చూడలేకపోయాను."

"నా ద్రావణం కాలువలో పారబోశారు."

"పారబోయకపోతే లెక్క మించిపోయేది. ఆ మధ్య ఒకసారి కొంచెం ఎక్కువ పడింది, నూట మూడు వచ్చింది. నువ్వు పట్టేస్తావని భయపడ్డాను." కొంచెం నవ్వారు. "నువ్వేమో మట్టిని మార్చేశావు."

పట్టేశాను కదా. పట్టేసి వదిలేశాను కదా.

"నీకోసమే చేశాను" అన్నారు.

జూలై 2

నాకోసమే చేశారు.

ఎవరు చేస్తారు భార్య కోసం ఇంత పని? మూడేళ్ళు మధ్యాహ్నం భోజనం మెట్ల మీద. బస్తాలు మోసి నడుం పట్టేసిందని మొన్నామధ్య నేనే మందు రాశాను. తప్పే. తప్పని ఆయనకీ తెలుసు. నేను ఏడవకపోతే చేసేవారు కాదు. నేనే ఏడ్చాను. ఏడ్చినప్పుడు తలుపు గడియ పెట్టుకున్నాను గానీ వినబడేలాగే ఏడ్చానేమో.

కమిటీకి ఇవ్వాల్సిన రిపోర్టు మీద ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టననీ అనలేదు.

జూలై 3

అత్తయ్యని అడిగాను, ఏదో మాటల్లో. "పాలు కాలువలో పారబోసి, కొట్టునుంచి తెచ్చిన పెరుగు అదే గిన్నెలో పోసి, తోడుకుందని చెప్తే?"

"అప్పుడది తోడుపెట్టడం ఎందుకవుతుందే? గిన్నె కడుక్కోవడం దండగ." తర్వాత నా ముఖం చూసి, "ఎవరు చేశారా పని?" అన్నారు.

పక్కింటావిడన్నాను.

"ఆవిడ మొగుడికి తెలుసా?"

బట్టలు ఆరేయడానికి వెళ్ళాను.

జూలై 7, సోమవారం

స్టోరు ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళాను. రిటైరయ్యే వయసు, చెవిలో పెన్సిలు, నన్ను "అమ్మాయ్" అంటారు. పేరు లేని తెల్ల బస్తాలు మొదట ఎప్పుడొచ్చాయో చూపించమన్నాను. ఏ ప్రశ్నా వేయకుండా రిజిస్టరు తీసి వేలితో చూపించారు.

"తెల్ల పొడి, ల్యాబు నిమిత్తం, ఆరు బస్తాలు." తీసుకున్నది ఆయన. పైన పెద్దసారు సంతకం.

తేదీ ఏడో ట్రయల్ అయిన వారం. పదో ట్రయల్‌కి ముందు రెండు నెలలు.

"మళ్ళీ ఒకసారి చూడండి, సంవత్సరం అదేనా?"

"అదేనమ్మాయ్. నేనే రాశాను. ఆ రోజు మీ ఇద్దరి పెళ్ళిరోజని మీవారు మిఠాయి కూడా పెట్టారు నాకు."

నేను ఏడవడానికి రెండు నెలల ముందు. అప్పటికి నేను సంతోషంగానే ఉన్నాను. ఎనిమిదో ట్రయల్‌కి కొత్త ఫిల్టరు వస్తుందని ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరిగేదాన్ని. అప్పటికే ఆరు బస్తాలు స్టోరులో ఉన్నాయి. నేను ఏడుస్తానని ఎదురుచూశాడు. ఏడవగానే, ట్యాంకు నేను చూసుకుంటానులే, నువ్వు విశ్రాంతి తీసుకో అన్నాడు. ఆ మాటకి నేను ఆయన భుజం మీద తల పెట్టుకుని మళ్ళీ ఏడ్చాను.

జూలై 8

పెద్దసారు గదికి వెళ్ళాను. కూర్చోమన్నారు, నిలబడ్డాను.

"మీవారు చెప్పారా?" అన్నారు.

"చెప్పలేదు. చూశాను."

"సరే. అంత కంగారు పడాల్సిందేం లేదు తల్లీ. ముందు ప్లాంటు రానీ. వచ్చాక మీ బుర్రకి దారి దొరక్కపోదు. ఇప్పుడు 0.47 అని చూపిస్తే ఈ ల్యాబు మూసేస్తారు. నలభై మంది రోడ్డున పడతారు. మీరు, మీవారు, అందరూ."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నేను చెప్పేద్దామనే అన్నాను. మీవారే వద్దన్నారు." కుర్చీ కొంచెం వెనక్కి వాల్చారు. "ఆవిడ సంతకం ఉంటే కమిటీ రెండో ప్రశ్న అడగదు సార్, చెప్తే ఆ సంతకం పెట్టదు అన్నారు. మంచి సలహానే కదా. మీ మనసూ కష్టపడలేదు, పనీ జరిగింది."

నా సంతకం గురించి ఇద్దరు మగాళ్ళు మాట్లాడుకున్నారు. ఏ గదిలో, ఏ పూట, టీ తాగుతూనా?

జూలై 10, గురువారం

ఇవాళ గొడవ. అత్తయ్య గుడ్లప్పగించి చూశారు.

"చిన్న సంతకం. అంతే నేనడిగేది" అన్నాడు.

"ఎందుకు చెప్పలేదు నాకు? భార్యని. పద్ధతి నాది. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"నీకు అబద్ధం చెప్పడం రాదు కదా!" గట్టిగా అరిచాడు, అది నా లోపమైనట్టు. "ముఖంలో కనిపించేస్తుంది. నీకు చెప్పి ఉంటే మొదటి మీటింగులోనే అందరం దొరికిపోయేవాళ్ళం. నువ్వు నిజమని నమ్మి చెప్తేనే వాళ్ళు నమ్ముతారు."

అంటే నేను కూడా ఆయన బస్తాల్లో ఒకదాన్ని. మంచి రకం, పేరు లేనిది.

జూలై 11

సంతకం పెట్టను.

కమిటీ ముందు ఉన్నదున్నట్టు చేసి చూపిస్తాను. ముప్ఫై నాలుగో ట్రయల్. జ్వరం రోజున వేసిన బ్యాచ్ సీసాలో ఉంది. అందులోని గుండ్రటి గింజలు జల్లెడ పట్టి తీసేశాను. అదే సీడు. అది మా మట్టిదే. మురికిదైనా మాదే.

జూలై 12

సీడు వేశాను. ట్యాంకు గదికి తాళం వేసి తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను. మధ్యాహ్నం బాక్సు నేనే మెట్ల మీద కూర్చుని తిన్నాను.

జూలై 14

అత్తయ్య ఇద్దరికీ విడివిడిగా వడ్డిస్తున్నారు, హోటలు నడుపుతున్నట్టు.

జూలై 16

0.44. ఆరు కిలోల వంద గ్రాములు.

0.47 నుంచి 0.44. ఆరేళ్ళలో నేను నిజంగా గెలిచింది ఇంతే. ఫరవాలేదు. ఇది నిజం. రెండుసార్లు చేశాను.

జూలై 18, శుక్రవారం

అయిదుగురు వచ్చారు. నలుగురు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. తెల్ల జుట్టు, మందపాటి కళ్ళద్దాలు, నలభై ఏళ్ళు ఇదే పనిలో ఉందట. పొడి వేళ్ళ మధ్య నలిపి చూసింది.

మొత్తం చెప్పాను. 0.44 చూపించాను. బస్తాల సంగతి, వాల్వు సంగతి, మైక్రోస్కోపులో గుండ్రటి గింజల సంగతి, రిజిస్టరులో తేదీ. స్టోరు ఇన్‌చార్జి రిజిస్టరు మోసుకొచ్చారు, చెవిలో పెన్సిలు తీయకుండానే.

పెద్దసారు రిజిస్టరు చూసి, "ల్యాబు నిమిత్తం అని రాసుంది. ల్యాబు ఎవరిది? ఆవిడది. ఏం కావాలంటే అది తెప్పించాం" అన్నారు.

అప్పుడు మా ఆయన్ని పిలిచారు.

నా ఎదురుగా నిలబడ్డాడు. నేనే ఇస్త్రీ చేసిన చొక్కా. నిన్న పొద్దున అలవాటు కొద్దీ చేసేశాను. అప్పటికీ నాకు ఆశే. అడిగితే నిజం చెప్తాడని, నా ముఖం చూసి ఆగలేడని.

"సీడు ఎంత వేయాలో, ఏది వేయాలో ఆవిడే రాసిచ్చేదండి. నేను పోసేవాణ్ణి. నాకు కెమిస్ట్రీ అంతగా తెలీదు" అన్నాడు. తడబడలేదు. "ఇంట్లో గొడవలున్నాయండి. అందుకని ఇప్పుడిలా..." అని ఆపి తలొంచుకున్నాడు. ఆ తలొంచుకోవడం ఎంత బాగా చేశాడో! నేనే ఒక్క క్షణం జాలిపడ్డాను.

వాళ్ళు నా ముఖం, ఆయన ముఖం మార్చి మార్చి చూశారు. ముప్ఫై రెండు రిపోర్టులు టేబుల్ మీదున్నాయి. ప్రతి దాని మీదా ఒకే సంతకం, నాది.

అప్పుడు పెద్దావిడ మొదటిసారి నోరు తెరిచింది. కోపంగా కాదు, మెల్లగా అడిగింది. "అమ్మా, ఇందులో ఏదో తేడా ఉందని మీకు మొదట ఎప్పుడనిపించింది?"

జూన్ 30 అని చెప్పచ్చు. కళ్ళారా చూసిన రోజు. అది అబద్ధం కూడా పూర్తిగా కాదు. ఆ తేదీ చెప్తే నేను మోసపోయిన మనిషిని. గదిలో అందరికీ అదే వినాలని ఉంది, ఆవిడకి కూడా. అది నాకు తెలుస్తూనే ఉంది.

"జూన్ తొమ్మిది" అన్నాను. "నూటికి నూట మూడు వచ్చింది."

"అప్పుడేం చేశారు?"

"మట్టిలో అల్యూమినా పెంచి రాశాను. మూడుసార్లు చేస్తే ఒకసారి వచ్చిన సంఖ్య."

"ఆ రిపోర్టు మీద?"

"సంతకం పెట్టాను."

ఎవరో పెన్ను మూత పెట్టిన చప్పుడు వినబడింది. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తెలిసి సంతకం పెట్టిన మనిషి ఇప్పుడు మొగుడి మీదికి నెడుతోంది, అంతే వాళ్ళకి మిగిలింది.

నాకు సస్పెన్షన్. విచారణ అయ్యేదాకా ల్యాబులోకి రాకూడదు. ట్యాంకు గది తాళంచెవి మెళ్ళోంచి తీసి ఇచ్చేశాను. పద్ధతి పనికిరాదని రాసుకున్నారు. 0.44 ఎక్కడా రాసుకోలేదు. ఆయన్ని వేరే విభాగానికి మారుస్తారట.

నేను జవాబు చెప్తున్నప్పుడు ఆయన వైపు చూశాను. "జూన్ తొమ్మిది" అనగానే ఆయన భుజాలు కిందికి దిగాయి. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి వదిలాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వంట ఆయనే చేశాడు. అత్తయ్య గదిలోంచి బయటికి రాలేదు. నా పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు. ఆపలేదు, క్షమించమనలేదు.

"ఆవిడ అడిగినప్పుడు ఒక్క క్షణం భయమేసింది నాకు" అన్నాడు. "కానీ నువ్వు నిజమే చెప్తావని తెలుసు. నీలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు."

పదహారేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. మనస్ఫూర్తిగానే అన్నాడు.